రెజ్యూమే ఎవరితో రాయించాలి అని అడిగిన పొందూరు అమ్మకి

ముందు ఆవిడ అడిగింది ఆవిడ మాటల్లోనే పెడతాను, కొంచెం తగ్గించి.

"నమస్తే సార్. మాది పొందూరు దగ్గర. మా పిల్లడు 2023లో బీఎస్సీ కెమిస్ట్రీ పాసయ్యాడు. లాస్ట్ ఇయర్‌లో పైడిభీమవరం ఫార్మా కంపెనీకి ఇంటర్న్‌షిప్ అని రోజూ బస్సులో వెళ్ళొచ్చేవాడు. పాసయ్యాక హైదరాబాద్ ఎస్సార్ నగర్‌లో హాస్టల్లో ఉండి డేటా సైన్స్ నేర్చుకున్నాడు. ఎన్ని చోట్ల అప్లై చేసినా ఒక్క కాల్ రాదు. రెజ్యూమే బాలేదు, మూడు వేలిస్తే ఆన్‌లైన్లో బాగా రాసిస్తాం అని ఒకరన్నారు. ఇంకో కన్సల్టెన్సీ వాళ్ళు లక్షా అరవై వేలు కడితే మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వేయిస్తామన్నారు, పదివేలు అడ్వాన్స్ ఇచ్చాం. మా చెల్లి కొడుకు బెంగుళూరులో సెటిలయ్యాడు. వీడేమో ఈమధ్య ఫోనే సరిగ్గా తియ్యట్లేదు. ఏటి చెయ్యమంటారు? ఉద్యోగాలు వెతకడానికి ఏ సైటు మంచిది, రెజ్యూమే ఎవరితో రాయించాలి?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, దాంతోపాటు పంపిన రెజ్యూమే కూడా చూసాను. శ్రీకాకుళం, విజయనగరం నుంచి నాకొచ్చే ప్రశ్నల్లో సగం దాకా ఇదే, ఊరి పేరు మారుతుంది కోర్సు పేరు మారుతుంది అంతే. ఏ సైటు, ఏ రెజ్యూమే అని అడుగుతారు గానీ లోపల భయం వేరే ఉంటుంది, నా కొడుకు వెనకబడిపోయాడా, ఇంక వీడికి ఉద్యోగం రాదా అని. దానికి ముందు చెప్తాను. వెనకబడిపోలేదు. ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ళ కుర్రాడికి రెండేళ్ళ గ్యాప్ పెద్ద విషయం కాదు, నిజం చెప్పుకోగలిగితే చాలు. కాల్స్ రాకపోవడానికి కారణం వాడి తెలివి కాదు, ఆ కాగితం మీద వాడు లేడు, అదీ కారణం.

రెజ్యూమేలో ఏముందో చూడండి. పైన మూడు లైన్ల ఆబ్జెక్టివ్, అది నేను వందల రెజ్యూమేల్లో చదివిందే, ఒక్క అక్షరం తేడా లేదు. తర్వాత స్కిల్స్ అని పైథాన్, మెషిన్ లెర్నింగ్, డీప్ లెర్నింగ్, టాబ్లో, పవర్ బీఐ, క్లౌడ్ అన్నీ ఒకే లైన్లో. ప్రాజెక్టులు మూడు, టైటానిక్‌లో ఎవరు బతికారు, ఐరిస్ పువ్వులు ఏ రకం, ఇళ్ళ ధరలు ఎంత. ఇవి నేర్చుకునేటప్పుడు చెయ్యాల్సినవే, తప్పు లేదు, కానీ ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన ప్రతీవాడి రెజ్యూమేలోనూ ఈ మూడే ఉంటాయి కాబట్టి చూసేవాళ్ళకి మీ వాడెవడో పక్కవాడెవడో తెలీదు. రెండో పేజీ అంతా తండ్రి పేరు, మతం, పెళ్ళి అయిందా లేదా, పర్మనెంట్ అడ్రస్, క్రికెట్ చూడ్డం పాటలు వినడం, కింద డిక్లరేషన్. కెమిస్ట్రీ అనే మాట ఒకే ఒక్కసారి ఉంది, డిగ్రీ పేరులో. మీరు ఉత్తరంలో మాటల్లో మాటగా చెప్పేసిన ఆ పైడిభీమవరం ఇంటర్న్‌షిప్ ఉంది చూసారా, అది రెజ్యూమేలో ఎక్కడా లేదు!

అది ఎందుకు తీసేసాడో నాకు తెలుసు. సాఫ్ట్‌వేర్‌కి అప్లై చేస్తూ ఫార్మా ఎందుకు అని ఎవరో చెప్పుంటారు. మన రాష్ట్రంలో 2020లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు కదా, అందులో చాలామంది డబ్బులిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకుని ఊరుకున్నారు, మీ వాడు బస్సెక్కి ప్లాంటుకి వెళ్ళొచ్చాడు. ఆ నెలల్లో ఏ డిపార్ట్‌మెంట్లో కూచున్నాడు, ఏ మెషిన్ దగ్గర నిలబడ్డాడు, ఏ టెస్ట్ చేసాడు లేదా చూసాడు, ఏ రిజిస్టర్ రాసాడు, అవి నాలుగు లైన్లు రాస్తే ఈ రెజ్యూమే వేరే మనిషిదైపోతుంది. ఉదాహరణకి "క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో రెండు నెలలు, రా మెటీరియల్ శాంపిల్స్‌కి పీహెచ్, తేమ శాతం చూడడంలో సీనియర్ కెమిస్ట్‌కి సాయం, టైట్రేషన్లు సొంతంగా చేసాను, హెచ్‌పీఎల్‌సీ నడపడం దగ్గరుండి చూసాను". హెచ్‌పీఎల్‌సీ అంటే శాంపిల్‌లో ఏది ఎంతుందో కొలిచే మెషిన్. చూసింది చూసాను అని, చేసింది చేసాను అని రాయాలి. వాడు ఏది చేసాడో నాకు తెలీదు కాబట్టి ఇది మక్కీకి మక్కీ కాపీ కొట్టొద్దు, వాడిది వాడే రాయాలి. ఇంటర్వ్యూలో మొబైల్ ఫేజ్ అంటే ఏంటి, నార్మాలిటీకి మొలారిటీకి తేడా ఏంటి, బఫర్ ఎందుకు వాడతాం అని అడుగుతారు, రాసిన ప్రతీ మాటకీ ఒక ప్రశ్న ఉంటుంది.

అందుకే మూడు వేలిచ్చి రాయించడం వద్దంటున్నాను. వాళ్ళు రంగులు వేస్తారు, ఫొటో గుండ్రంగా పెడతారు, స్కిల్ పక్కన చుక్కలు, బార్లు పెట్టి ఇది ఎనభై శాతం వచ్చు అంటారు. పెద్ద కంపెనీల్లో ముందు సాఫ్ట్‌వేరే రెజ్యూమేని చదువుతుంది, రెండు కాలమ్‌లు, బాక్సులు, బొమ్మలు ఉంటే చాలాసార్లు అది సరిగ్గా చదవలేదు కూడా. తెల్ల కాగితం, ఒకే కాలమ్, ఒక్క పేజీ, పీడీఎఫ్, ఫైలుకి వాడి పేరు. మెయిల్ ఐడీ పేరుతో ఉండాలి, ఇంటర్మీడియట్‌లో పెట్టుకున్న ముద్దుపేర్లు వద్దు. అప్లై చేసే ఉద్యోగం ప్రకటనలో ఏ మాటలున్నాయో వాటిల్లో తనకి నిజంగా వచ్చినవి ఆ మాటల్లోనే రెజ్యూమేలో ఉండాలి. దీనికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు, వాడు ఒక ఆదివారం కూచుంటే అవుతుంది.

ఇప్పుడు ఆ లక్షా అరవై వేల సంగతి. అమ్మా ఇక్కడ కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీరు అబద్ధం కొంటున్నారు, అదీ మీ కొడుకు పేరు మీద. వాళ్ళు ఏం చేస్తారంటే ఏదో చిన్న కంపెనీ పేరుతో ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటరు తయారుచేస్తారు, ఎవరైనా ఫోన్ చేసి అడిగితే అవునండీ మా దగ్గరే చేసాడు అని చెప్పడానికి ఒక మనిషిని పెడతారు. ఒకప్పుడు నడిచిందేమో. ఇప్పుడు పీఎఫ్‌కి ప్రతి ఉద్యోగికీ యూఏఎన్ అని ఒకే నంబర్ ఉంటుంది, ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేసాడో సర్వీస్ హిస్టరీ అందులో కనిపిస్తుంది, మూడేళ్ళు చేసాను అన్నవాడికి పీఎఫ్‌లో ఒక్క నెల కూడా లేకపోతే ఏమని చెప్తాడు? ఫామ్ 16, అంటే జీతం మీద పన్ను కోసినట్టు కంపెనీ ఇచ్చే కాగితం అడుగుతారు, బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అనేది చాలా కంపెనీల్లో జాయినయ్యాక కూడా నడుస్తుంది, అంటే ఉద్యోగం వచ్చింది అని ఊరంతా స్వీట్లు పంచేసాక మూడో నెల్లో పిలిచి లాప్‌టాప్ ఇచ్చేసి వెళ్ళిపోమంటారు. నా దగ్గరికి అలా వచ్చిన పిల్లలున్నారు, వాళ్ళకి డబ్బు పోయిన బాధ కన్నా ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి అన్నదే ఎక్కువ. పట్టుబడకపోయినా సుఖం లేదు, మూడేళ్ళ అనుభవం ఉన్నవాడికిచ్చే పని ఇస్తారు, వీడికి రాదు, రాత్రి రెండింటికి ఎవరికో డబ్బులిచ్చి ఆ పని చేయించుకుంటూ ఉంటాడు.

డేటా సైన్స్ మీద కూడా నా అనుమానం నాకుంది, దాచుకోను. ఆ సబ్జెక్టు చెడ్డది కాదు. కానీ నాలుగైదు నెలల కోర్సుతో ఫ్రెషర్‌ని డేటా సైంటిస్ట్‌గా తీసుకునే సీట్లు చాలా తక్కువ, వాటికి కూడా మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ బాగా చదివినవాళ్ళు, ఎంటెక్ చేసినవాళ్ళు, ఆల్రెడీ ఏదో పనిలో ఉండి ఇది నేర్చుకున్నవాళ్ళు పోటీలో ఉంటారు. ఇన్‌స్టిట్యూట్ గోడల మీద ప్యాకేజీలు రాస్తారు గానీ చేరినవాళ్ళెందరు, అందులో ఉద్యోగాలొచ్చినవాళ్ళెందరు అని పక్కపక్కన రాయరు. మీరు ఎప్పుడైనా అడిగారా అమ్మా? కోర్సుకి అరవై వేలో ఎనభై వేలో కట్టేముందు అడగాలి, పొందూరులో చీర కొన్నా నాలుగు షాపులు తిరిగి కొంటాం కదా. అయితే నేర్చుకున్నది వృథా అనుకోవద్దు, ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ నిజంగా వస్తే ఫార్మాలోనే డాక్యుమెంటేషన్‌కి, ల్యాబ్ డేటా పనికి, ఆఫీసుల్లో ఎంఐఎస్ అనే, లెక్కల రిపోర్టులు తయారుచేసే ఉద్యోగాలకి బాగా పనికొస్తాయి. కెమిస్ట్రీ తెలిసి ఎక్సెల్ బాగా వచ్చిన కుర్రాళ్ళు నేను చూసినంతలో ఎక్కువమంది లేరు.

ఏ సైటు మంచిది అన్నారు కాబట్టి పోల్చి చెప్తాను. నౌకరీ లాంటి సైట్లలో ప్రొఫైల్ పెట్టడానికి డబ్బులక్కర్లేదు, కాకపోతే పెట్టి వదిలేస్తే అడుగుకెళ్ళిపోతుంది, వారానికోసారైనా తెరిచి ఏదో ఒకటి సరిచేసి సేవ్ చెయ్యాలి. లింక్డ్‌ఇన్‌లో అప్లై బటన్ కన్నా మనుషులు ముఖ్యం, వాడి కాలేజీ సీనియర్లు ఫార్మాలో ఎంతమంది ఉన్నారో వెతికి, ఉద్యోగం ఇప్పించండి అని కాకుండా మీ ల్యాబ్‌లో ఫ్రెషర్లని ఎలా తీసుకుంటారు అని అడిగితే పదిమందిలో ఇద్దరైనా జవాబిస్తారు. కేంద్రం వాళ్ళ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఫ్రీ, జాబ్ మేళాల సంగతి అందులో తెలుస్తుంది, స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ళు మన రెండు జిల్లాల్లోనూ మేళాలు పెడుతుంటారు. మేళాల్లో సేల్స్, ఫీల్డ్ ఉద్యోగాలు ఎక్కువుంటాయి, అయినా వెళ్ళమనండి, నలుగురి ముందు నోరు విప్పడం అలవాటవుతుంది.

కానీ మీ వాడి వరకూ ఇవన్నీ రెండో వరసే. వాడికి మొదటిది వాకిన్, అంటే కంపెనీ చెప్పిన రోజున నేరుగా వెళ్ళి ఇచ్చే ఇంటర్వ్యూ. పైడిభీమవరంలో, పరవాడ ఫార్మా సిటీలో, అచ్యుతాపురంలో ఉన్న కంపెనీలు క్యూసీకి (క్వాలిటీ కంట్రోల్, ల్యాబ్‌లో పరీక్షలు చేసేది), క్యూఏకి (క్వాలిటీ అస్యూరెన్స్, రికార్డులు, పద్ధతులు సరిచూసేది), ప్రొడక్షన్‌కి బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్ళ కోసం వాకిన్‌లు పెడుతుంటాయి, ప్రకటనలో ఏ సంవత్సరం పాసవుట్ వాళ్ళు రావాలో చాలాసార్లు రాస్తారు, అందుకే 2023 బ్యాచ్ అంటే ఇంకా ఆలస్యం చెయ్యకూడదు. రెండేళ్ళు ఏం చేసావు అని అడిగితే హైదరాబాద్‌లో డేటా కోర్సు చేసాను, ఇప్పుడు నా సబ్జెక్టులో పని చేద్దామని వచ్చాను అని సూటిగా చెప్పాలి, అంతకుమించి కథ అక్కర్లేదు. ఉద్యోగమిస్తామంటే కంపెనీ రోల్సా (అంటే కంపెనీ సొంత ఉద్యోగమా) కాంట్రాక్టా, పీఎఫ్ ఈఎస్ఐ ఉన్నాయా, షిఫ్టులెలా అని అడగాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, ఎవరి దగ్గరా వదలకూడదు.

మీకు ఇంకో భయం కూడా ఉంటుంది, ఉత్తరంలో రాయలేదు గానీ. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో ప్రమాదం జరిగి 17 మంది చనిపోయారు, ఆ తర్వాత మన వైపు తల్లులు ఫార్మా అంటేనే వద్దంటున్నారు, నాకు అర్థమవుతుంది. ప్రమాదం లేదని నేను చెప్పను. ల్యాబ్‌లో పని వేరు రియాక్టర్ దగ్గర పని వేరు, మీ వాడు క్యూసీ వైపే గట్టిగా ప్రయత్నించొచ్చు, చేరేముందు అక్కడ పనిచేసే సీనియర్‌ని సేఫ్టీ ట్రైనింగ్ నిజంగా ఇస్తారా, మాస్కులు కళ్ళద్దాలు ఇస్తారా అని అడగమనండి. భయపడి అసలు మానేయడం కన్నా అడిగి తెలుసుకుని చేరడం నయం.

ఎవరైనా విదేశాల్లో డేటా ఎంట్రీ అని వస్తే మాత్రం అక్కడే ఆపెయ్యండి. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్ళు అలాగే కంబోడియా వెళ్ళి సైబర్ మోసాల ముఠాల చేతిలో ఇరుక్కున్నారు, 2024లో విశాఖ పోలీసులు ఆ ఏజెంట్లని పట్టుకున్నారు. ఏజెంటుకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్రం వాళ్ళ ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూసుకోవచ్చు.

ఇక మీ సంగతి. వాడు ఫోన్ ఎందుకు తియ్యట్లేదు అనుకుంటున్నారు? తీస్తే మొదటి మాట ఏమైనా కాల్ వచ్చిందా అని, రెండో మాట చెల్లి కొడుకు సంగతి. బెంగుళూరు అబ్బాయి ఏం చదివాడు, ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నాడు, ఇప్పుడెలా ఉన్నాడు మీకూ తెలీదు నాకూ తెలీదు. వాడి జీతం మీ వాడి చెవిలో రోజూ వెయ్యడం వల్ల మీ వాడికి ఉద్యోగం రాదు, వాడు మీకు నిజం చెప్పడం మానేస్తాడు, అంతే జరుగుతుంది. అబద్ధపు ఎక్స్‌పీరియన్స్‌కి వాడు ఎందుకు ఒప్పుకున్నాడో ఆలోచించండి. మీ ప్రశ్నకి ఒక జవాబు చెప్పి తప్పించుకుందామని. మీరు వాడి కోసం అప్పు చెయ్యడానికి సిద్ధపడ్డారు, అంత ప్రేమ ఉంది, అది వాడికి ప్రశ్నల రూపంలోనే చేరుతోంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు తిన్నావా, నిద్ర పడుతోందా అని అడిగి పెట్టెయ్యండి. నెల రోజులు ఇంటికొచ్చి ఉండమనండి, వాకిన్‌లకి ఇంటినుంచే తిరుగుతాడు, హాస్టల్ ఖర్చు మిగులుతుంది. చుట్టాలు అడిగితే ఫార్మాకి తిరుగుతున్నాడు అని చెప్పండి, అందులో చిన్నతనమేమీ లేదు. మరీ డల్‌గా ఉంటే, తినడం పడుకోవడం మానేస్తే, ఉద్యోగం పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఆ పదివేల అడ్వాన్స్ మాకు ఈ సర్వీస్ వద్దు, డబ్బు వెనక్కివ్వండి అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టండి, ఫోన్లో కాదు. కట్టిన రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఇవ్వకుండా బెదిరిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళడానికీ వెనకాడకండి. వెనక్కి రాకపోయినా సరే, పదివేలు పోతాయని మిగతా లక్షా యాభై వేలు మాత్రం కట్టకండి. కొత్త రెజ్యూమే వాడే రాసి నాకు పంపమనండి, ఇంటర్న్‌షిప్ గురించి నాలుగు లైన్లు ఉండాలి, అవి చదివి ఏ వాకిన్‌కి వెళ్ళాలో వాడితోనే మాట్లాడతాను.