ఇంటి గుమ్మం నుంచి లెక్కపెట్టు, అమ్మలూ

అమ్మలూ,

నిన్న హైదరాబాద్ ఇంటర్వ్యూ కబురు చెప్పావు, మనసు నిండిపోయింది. కానీ "విమానంలో గంటా పావే కదా మామయ్యా, 11:30 ఫ్లైట్‌కి వెళ్తే మధ్యాహ్నం 3 గంటలకున్న ఇంటర్వ్యూకి చాలు" అన్నావు చూడు, ఆ మాటే రాత్రంతా మెదులుతూ ఉంది. టికెట్ తీసేముందు ఇది చదువు.

విశాఖ ఎయిర్‌పోర్టు నుంచి శంషాబాద్‌కి తిన్నగా గీత గీస్తే సుమారు 510 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే జెట్‌కి అది 40 నిమిషాల దూరం. అయినా టికెట్ మీద గంటా పావు, గంటా ఇరవై అని ఉంటుంది. ఎందుకంటే విమానం ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా అంతా లెక్కే. రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, పైకెక్కడం, దిగడానికి వంతు కోసం చుట్టూ తిరగడం అన్నీ అందులోవే. రెక్కలకు పంకాలుండే ఏటీఆర్ అయితే ఇంకా ఎక్కువ పడుతుంది, ఏ విమానమో చూసుకో.

మీ అమ్మకి హైదరాబాద్‌లో ఆపరేషన్ అయినప్పుడు నేనూ నీలాగే లెక్కేశాను. థియేటర్‌లోకి తీసుకెళ్లేముందు పక్కనే ఉంటానని మాటిచ్చాను. ఆ రోజు శంషాబాద్ మీద వాన. విమానం గాల్లోనే అరగంట తిరిగింది, బ్యాగు ఆలస్యంగా వచ్చింది, ఊళ్లోకి వెళ్లే దారి నిండా ట్రాఫిక్. నేను చేరేసరికి అక్కని లోపలికి తీసుకెళ్లిపోయారు. అంతా బాగానే జరిగింది కానీ, తలుపు దగ్గర అక్క నాకోసం వెనక్కి తిరిగి చూసిందని నర్సు చెప్పిన మాట ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే నీ ప్రయాణాన్ని మధురవాడలో మీ ఇంటి గుమ్మం నుంచి లెక్కపెట్టు. హనుమంతవాక, మద్దిలపాలెం, కంచరపాలెం, ఎన్ఏడీ జంక్షన్ దాటి ఎయిర్‌పోర్టు చేరడానికి గంట. కౌంటర్ గంట ముందే, అంటే 10:30కే మూసేస్తారు కాబట్టి కాస్త వ్యవధి ఉంచుకుని 9:30కల్లా అక్కడుండాలి, అంటే ఇంట్లో 8:30కే బయల్దేరాలి. 12:50కి దిగి, బ్యాగు తీసుకుని, క్యాబ్ ఎక్కి, ఔటర్ రింగు రోడ్డు మీదుగా గచ్చిబౌలి చేరేసరికి 2:15. ఏదీ తేడా రాకపోతేనే ఈ మాట. తేడా వస్తే మిగిలిన ముప్పావుగంట ఎటు పోతుందో తెలియదు. ఆ టెన్షన్‌తో లోపలికెళ్తే వచ్చిన జవాబులు కూడా మర్చిపోతావు తల్లీ.

8 గంటల ఫ్లైట్ తీసుకో. 11కల్లా గచ్చిబౌలిలో ఉంటావు, ఏదైనా తిని, కాస్త నడుం వాల్చి వెళ్లొచ్చు. విమానం వద్దనుకుంటే ముందురోజు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినా తెల్లారేసరికి హైదరాబాద్ చేరిపోతావు. వందే భారత్ మాత్రం ఈ పనికి సరిపోదు, సికింద్రాబాద్‌కే ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. బ్యాగు చేతిలో పట్టేంతదే తీసుకెళ్తే బెల్టు దగ్గర నిలబడే పనే ఉండదు. మనది నేవీ వాళ్ల రన్‌వే, కిటికీలోంచి ఫొటోలు తీయకు.

ఇంకొకటి. టికెట్ మీద ఎయిర్‌పోర్టు పేరు సరిగ్గా చూడు. కొత్త ఎయిర్‌పోర్టు భోగాపురం అని ఉంటే దారే మారిపోతుంది. మధురవాడ నుంచి అటు వెళ్లడం మీకు హాయే గానీ, గాజువాకలో ఉన్న నేను ఇంకా ముందు లేవాలి.

టికెట్ తీయగానే నాకు పంపు. ఆ రోజు పొద్దున్న 5 గంటలకి కారుతో మీ గుమ్మం ముందుంటాను.

మీ మామయ్య