మీ ప్రశ్నలు, మా జవాబులు: ‘పాపు’ ఉత్తరాలు, పాత కార్డులు

నెహ్రూ కుటుంబం ఉత్తరాల మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం. చాలానే వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను ఒకటిగా కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నెహ్రూ కూతురికి రాసిన ఉత్తరాలు మేం చిన్నప్పుడు చదువుకున్నాం. అవి నిజంగా పోస్టులో పంపినవేనా, పుస్తకం కోసం ఉత్తరాల్లా రాసినవా? – ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: రెండు రకాలూ ఉన్నాయండి. 1928 వేసవిలో ఆయన అలహాబాద్‌లో ఉన్నారు, పదేళ్ల ఇందిర ముస్సోరీలో ఉంది. అప్పుడు రాసినవి ఆ పిల్ల కోసం రాసి పంపినవే. భూమి ఎలా పుట్టింది, మనిషి ఎలా వచ్చాడు అన్నవి అందులో సంగతులు. ఓ గులకరాయి చూపించి, ఇది ఇంత నున్నగా ఎలా అయిందో చెప్పు చూద్దాం అన్నట్టు మొదలెడతారు, కొండ మీంచి విరిగిన గరుకు ముక్క వాగులో పడి దొర్లి దొర్లి అలా తయారైందని చెప్పుకొస్తారు. 1929లో పుస్తకంగా వచ్చాయి.

జైలు నుంచి రాసిన ప్రపంచ చరిత్ర ఉత్తరాల సంగతి వేరు. 1930 అక్టోబరు 26న నైనీ జైల్లో, కూతురి 13వ పుట్టినరోజు పేరుతో మొదలుపెట్టి 1933 ఆగస్టు దాకా రాస్తూ పోయారు, మొత్తం 196. పైన పేరు ఇందిరదే కానీ కొన్నిచోట్ల పెద్ద సభకి చెబుతున్నట్టే ఉంటుంది. గొప్ప పుస్తకమే, కాదనను. నాకైతే ఆ ఇంటి అసలు వాసన తగిలేది వాళ్లిద్దరూ మామూలుగా రాసుకున్న వాటిలోనే. ఆయనకి ఈమె ‘డార్లింగ్ ఇందు’, ఈమెకి ఆయన ‘పాపు’. 1942 ఆగస్టు నుంచి 1945 మార్చి దాకా ఆయన అహ్మద్‌నగర్ కోటలో బందీ. 1944 ఆగస్టులో రాజీవ్ పుట్టి తాత అయ్యేనాటికీ ఆ గోడల మధ్యే ఉన్నారు. అలాంటి రోజుల్లో ఉత్తరం అంటే పరాయివాడు విప్పి చదివాకే బయటికి వెళ్తుందని తెలిసి రాయడం. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదివితే, ఇక్కడ ఇంకేదో చెప్పబోయి ఆగిపోయారే అనిపించే చోట్లు దొరుకుతాయి. సోనియా గాంధీ సంపాదకత్వంలో ఇవి రెండు సంపుటాలుగా వచ్చాయి, 1989లో ఒకటి, 1992లో ఒకటి. అవి ఇంటివాళ్లు ఏరి ఇచ్చిన ఉత్తరాలన్నది మాత్రం మర్చిపోకండి.

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో నెహ్రూ సంతకంతో ఒక పోస్టుకార్డు దొరికింది. తేదీ 1946 అని ఉంది. కార్డు మీద 15 పైసల బిళ్ల అచ్చు, చిరునామాలో పిన్‌కోడ్ కూడా ఉన్నాయి. అమ్మితే ఎంత వస్తుంది? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: తొందరపడకండి బాబూ. మన దేశంలో పిన్‌కోడ్ వచ్చిందే 1972 ఆగస్టు 15న. రూపాయికి నూరు పైసల లెక్క మొదలైంది 1957 ఏప్రిల్‌లో. అంతకుముందు కార్డు ధర అణాలు, పైలలో ఉండేది, 1879లో మొదటి కార్డు వెల కాలణా. పైగా 1946 నాటి కార్డు మీద అప్పటి బ్రిటిష్ రాజు ఆరో జార్జి బొమ్మ ఉండాలి. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఆనాటి కార్డు కాదు. అలాగని తాతగారిని అనుమానించక్కర్లేదు. పాత ఉత్తరం చివికిపోతుంటే అందులోని మాటలు కొత్త కార్డు మీదికి తేదీతో సహా ఎత్తి రాసుకోవచ్చు కదా. కార్డు మొత్తం ఒకే చేతిరాతేనా, అది తాతగారి దస్తూరీతో కలుస్తోందా చూడండి. పెట్టె అడుగు దాకా వెతకండి, అసలుది అక్కడే ఉండొచ్చు. ధర మాట తర్వాత.

ప్రశ్న: మా దగ్గరున్న ఒక నాయకుడి ఉత్తరం మా సంఘం పత్రికలో వేసుకోవచ్చా?

జవాబు: కాగితం అందుకున్నవాళ్లది, అందులోని రాత రాసినవాళ్లది. చాలామంది తికమకపడేది ఇక్కడే. రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు వారసులకు ఉంటుంది. నెహ్రూ 1964లో పోయారు కనక ఆయన బతికుండగా అచ్చయినవి 2025 జనవరి నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. చనిపోయాక తొలిసారి అచ్చయిన ఉత్తరాలకి మాత్రం లెక్క అచ్చయిన ఏడాది నుంచి మొదలవుతుంది, కాబట్టి 1989 సంపుటం జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీ నాయకుడు ఎప్పుడు పోయారో మీరు రాయలేదు. ఆ ఉత్తరం ఇంతవరకు అచ్చు కాకపోతే ముందు వారసులను ఒక మాట అడగండి, అడిగితే చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు.

ప్రశ్న: ఆ 51 పెట్టెల గొడవేమిటి?

జవాబు: ఢిల్లీ తీన్‌మూర్తి లైబ్రరీకి ఇచ్చిన నెహ్రూ కాగితాల్లో 51 పెట్టెలను 2008లో కుటుంబం వెనక్కి తీసుకెళ్లింది. తిరిగి ఇవ్వమనో, కనీసం నకళ్లయినా ఇవ్వమనో లైబ్రరీవాళ్లు అడుగుతున్నారు. నన్నడిగితే నకళ్లు ఇచ్చేస్తే పోయేదేమీ లేదు. ఏ పార్టీ కుటుంబానికైనా నా మాట ఇదే.

ప్రశ్న: మా ఇంట్లో పాత ఉత్తరాలు తీగకు గుచ్చి ఉన్నాయి. లామినేషన్ చేయించమంటారా?

జవాబు: వద్దండీ. వేడికి సిరా చెడుతుంది, మళ్లీ ప్లాస్టిక్ ఊడదీయలేరు. సెల్లోటేపు అంతకంటే ప్రమాదం, కొన్నేళ్లకి పసుప్పచ్చ మరక మిగులుతుంది. తీగ నుంచి జాగ్రత్తగా తీసి, ముందూ వెనకా ఫోటో తీసి, పొడి అట్టపెట్టెలో పెట్టండి. గుర్తు రాయాలంటే పెన్సిల్ వాడండి, అదీ విడి కాగితం మీద. అన్నట్టు, చావు కబురు ఉత్తరాలు ఒక్కటీ లేవని ఇంకో పాఠకురాలు ఆశ్చర్యపోయారు. వాటిని చదివిన వెంటనే చింపేసేవాళ్లు కదమ్మా, ఇంట్లో ఉంచుకోకూడదని.