సముద్రం పక్కన ఫుల్ ఫ్రేమ్ కెమెరా: మా అమ్మలుకి ఉత్తరం

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో “పెదనాన్నా, ఫుల్ ఫ్రేమ్ కొనేద్దామనుకుంటున్నా, ఏ మోడల్ తీసుకోమంటావు?” అని అడిగావు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మోడల్ పేరు చెప్పడం రెండు నిమిషాల పని. కానీ అది నువ్వు రెండేళ్లుగా జీతంలోంచి దాచుకున్న డబ్బు. పైగా నువ్వుండేది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, సముద్రానికి కూతవేటు దూరంలో. ఈ ఊళ్లో కెమెరా కొనడం ఒక ఎత్తు, దాన్ని పదేళ్లు బతికించుకోవడం ఇంకో ఎత్తు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఫుల్ ఫ్రేమ్ అంటే సెన్సర్, అంటే వెలుగుని ఫోటోగా మార్చే చిప్పు, 36 బై 24 మిల్లీమీటర్లు ఉన్న కెమెరా. ముందు ఈ కొలత ఎక్కడిదో చెప్తాను. సినిమావాళ్లు వాడే 35 ఎంఎం ఫిల్మును ఆస్కార్ బర్నాక్ అనే జర్మన్ ఇంజనీరు చిన్న కెమెరాలో అడ్డంగా నడిపించాడు. అలా వచ్చిన ఫ్రేమే 24 బై 36. 1925లో లైకా కెమెరా బజారులోకి వచ్చాక ప్రపంచమంతా ఆ కొలతకే అలవాటుపడింది. మా రోజుల్లో ప్రత్యేకంగా ఫుల్ ఫ్రేమ్ అన్న మాటే లేదు, అందరి చేతుల్లోనూ అదే ఉండేది. డిజిటల్ వచ్చాక అంత పెద్ద సెన్సర్ చెయ్యడం బాగా ఖరీదు కాబట్టి చిన్నవి పెట్టారు. 2005లో కెనాన్ 5డీ వచ్చాకే మనలాంటి సరదాగాళ్లు ఫుల్ ఫ్రేమ్ గురించి ఆలోచించగలిగారు. నేను 2015లో నికాన్ డీ750 కొని, నా పాత 50 ఎంఎం లెన్స్ తగిలించి చూస్తే, ఎన్నో ఏళ్ల తర్వాత ఆ 50 మళ్లీ 50లా కనిపించింది. చిన్న సెన్సర్ ఉన్న క్రాప్ కెమెరా మీద అది 75లా, జూమ్ చేసినట్టు ఇరుగ్గా ఉండేది. పాత పోస్టాఫీసు వెనక సందుల్లో వెనక్కి జరగడానికి చోటు లేక ఎన్ని ఫోటోలు వదిలేసుకున్నానో. ఆ వారం రోజూ వన్‌టౌన్ వెళ్లాను.

కాబట్టి నీ ఆశ నాకు అర్థమవుతుంది. అయినా ఒక మాట అడుగుతాను. గత ఏడాది నువ్వు తీసిన ఫోటోల్లో నీకు బాగా నచ్చిన ఇరవై తీసి పక్కన పెట్టు. అవి ఏ వెలుగులో తీశావో చూడు. ఎండలోనో, పక్షుల మీదనో తీసినవే ఎక్కువైతే ఇప్పుడున్న క్రాప్ బాడీనే (బాడీ అంటే లెన్స్ కాకుండా కెమెరా) ఉంచుకో. కొండకర్ల ఆవ చెరువులో కొంగల కోసం నువ్వు వాడే 300 ఎంఎం లెన్స్ నీ కెమెరా మీద 450లా పనిచేస్తోంది. ఫుల్ ఫ్రేమ్‌లో అంత దగ్గరగా రావాలంటే ఇంకా పెద్ద లెన్స్ కొనాలి, మొయ్యాలి.

తెల్లవారుజామున, సాయంత్రం చీకటిపడేటప్పుడు తీసినవే ఎక్కువైతే మాత్రం ఫుల్ ఫ్రేమ్ నీకు పనికొస్తుంది. మన ఊరి వెలుగు అలాంటిది. సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక్కి పోతాడు. అందుకని సాయంత్రం బీచ్ రోడ్డు మీద వెలుగు అనుకున్నదానికన్నా ముందే చల్లబడిపోతుంది. ఇక ఫిషింగ్ హార్బర్ సంగతి నీకు తెలిసిందే. సూర్యుడు రాకముందే బోట్లు చేరతాయి, దీపాల కింద వేలంపాట మొదలవుతుంది, చేపల గంపలు ఎత్తుకుని ఆడవాళ్లు పరుగు లాంటి నడకతో వెళ్తుంటారు. ఆ కదలిక ఆగాలంటే షటర్ కనీసం 1/250 సెకను వేగంతో ఉండాలి. అపెర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే కంత, పూర్తిగా తెరిచినా ఐఎస్ఓ 6400 దాటుతుంది. ఈ ఐఎస్ఓ అంకె పెరిగేకొద్దీ ఫోటోలో గరుకు పెరుగుతుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం క్రాప్ సెన్సర్‌కి రెండు రెట్లకు పైనే. ఒకే అపెర్చర్, ఒకే షటర్ పెడితే అందులో 6400లో తీసిన ఫోటో, నీ ఇప్పటి కెమెరాలో సుమారు 3200లో తీసినట్టు ఉంటుంది. ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపైనంత), ఇంకాస్త. తేడా అంతే. గంప కింద నీడలో ఉన్న మొహం మీద చర్మం చర్మంలా కనిపించడానికి నాకు ఆ ఒక్క స్టాప్ చాలాసార్లు సరిపోయింది. వెలుగు బాగా ఉన్నచోట రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏది ఏదో నేను కూడా చెప్పలేను.

డబ్బు దగ్గరికి వద్దాం. ఉన్న డబ్బంతా బాడీ మీద పెట్టకు. సగం కన్నా తక్కువే బాడీకి, మిగతాది లెన్స్‌కీ, దాన్ని దాచుకునే ఏర్పాటుకీ. నీ దగ్గరున్న క్రాప్ లెన్సులు అదే కంపెనీ ఫుల్ ఫ్రేమ్ మీద చాలావరకు ఎక్కుతాయి గానీ, చుట్టూ నల్లటి అంచు పడుతుంది. కెమెరా దాన్ని కత్తిరిస్తే 24 మెగాపిక్సెల్ కాస్తా పదికి పడిపోతుంది. ఇప్పుడున్నదే నయం కదా అప్పుడు. రెండేళ్ల కిందటి బాడీ తీసుకున్నా ఫర్వాలేదు, ఒక 35 గానీ 50 గానీ ఎఫ్/1.8 లెన్స్ (అపెర్చర్ బాగా పెద్దగా తెరుచుకునేది) పెట్టుకుని ఏడాది దానితోనే తిరుగు. పెద్ద 24-70 ఎఫ్/2.8 జూమ్ మీద మోజు పడకు. నా డీ750కి అది తగిలిస్తే దాదాపు రెండు కిలోలు. మొదటి నెల మోస్తాం, రెండో నెల నుంచి ఇంట్లో వదిలేసి వెళ్తాం. ఏ కంపెనీ అన్నది నీ ఇష్టం, చేతికి ఏది కుదిరితే అది. ఒక్కటి మాత్రం చూసుకో: నువ్వు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్తరకం) నికాన్ తీసుకుంటే నా పాత డి రకం లెన్సులు నికాన్ సొంత అడాప్టర్ మీద ఎక్కుతాయి, కానీ ఆటోఫోకస్ పనిచెయ్యదు. అవి ఎలాగూ ఉన్నాయిలే అని లెక్కేసుకోకు.

ఇప్పుడు అసలు విషయం. బూజు, అంటే ఫంగస్.

పెళ్లయిన కొత్తలో చాలా ఇష్టపడి ఒక 85 ఎంఎం లెన్స్ కొన్నాను. ఎంత ముద్దంటే, దుమ్ము తగలకూడదని దాని తోలు పెట్టెలో పెట్టి, గుడ్డ చుట్టి, బీరువాలో బట్టల వెనక దాచాను. మీ అన్నయ్య పుట్టడం, షిఫ్టు డ్యూటీలు, రెండు వర్షాకాలాలు గడిచిపోయాయి. తీసి టార్చి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడులా సన్నటి తెల్లటి దారాలు. విప్పించి శుభ్రం చేయించాను. బూజు పోయింది గానీ, అది గాజు మీది కోటింగ్‌ని అప్పటికే తినేసింది. ఆ మచ్చలు అలాగే ఉండిపోయాయి. ఎదురు వెలుగులో తీస్తే ఫోటో అంతా పాలు కలిపినట్టు వచ్చేది. చీకటి, తేమ, కదలని గాలి ఉంటే బూజుకి చాలు. తోలు పెట్టె తేమని పట్టి ఉంచుతుంది. బీరువా చీకటిగా ఉంటుంది. అన్నీ నేనే సమకూర్చాను.

అందుకే చెప్తున్నాను, కెమెరా పెట్టె మోసుకొచ్చిన రోజే డ్రై క్యాబినెట్ (కరెంటుతో లోపలి తేమ తగ్గించే అల్మరా) కూడా ఇంటికి రావాలి. చిన్నది చాలు. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచు. ఇంకా తగ్గిస్తే మంచిదనుకోకు, రబ్బరు భాగాలు ఎండిపోతాయి. ఇప్పుడే కొనలేకపోతే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు. జెల్ రంగు మారగానే మార్చెయ్యాలి. బియ్యంలో పెట్టమని ఎవరైనా చెప్తే వినకు, ఆ పొడి అంతా లెన్స్ రింగుల్లోకి పోతుంది.

కరెంటు లేని రోజులు కూడా లెక్కలో ఉంచుకో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చిన్నదానివి. మా పెదవాల్తేరులో రోజుల తరబడి కరెంటు లేదు, గోడలు చెమర్చాయి, క్యాబినెట్ ఉత్త అల్మరా అయిపోయింది. రోజూ పొద్దున్నే లెన్సులన్నీ మూతలు తీసి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టేవాణ్ణి. ఎండ సూటిగా పడనిచ్చేవాణ్ణి కాదు, లెన్స్ ఎండని ఒకచోటికి చేర్చి కాల్చేస్తుంది. ఒక్కదానికి కూడా బూజు రాలేదు. ఆ 85 తర్వాత నేను చూసింది ఇదే: వారానికి ఒక్కసారైనా బయటికి తీసిన లెన్స్‌కి ఏమీ కాలేదు. పాడైనవన్నీ నేను దాచుకున్నవే.

ఇంకో చిక్కు ఏసీ. చల్లటి గదిలోంచి కెమెరా తీసుకుని తిన్నగా ఆర్కే బీచ్‌కి వెళ్తే లెన్స్ మీద మంచులా పొగ కమ్ముతుంది. నువ్వు తుడుస్తూ ఉంటావు, అది మళ్లీ వస్తూ ఉంటుంది, ఈలోగా సూర్యుడు పైకొచ్చేస్తాడు. బ్యాగు జిప్పు మూసే ఉంచి, అరగంట ముందే ఏసీ లేని చోట పెట్టు. బ్యాగులోనే మెల్లగా వేడెక్కుతుంది.

బీచ్‌లో లెన్స్ మార్చకు. తప్పనిసరైతే గాలికి వీపు పెట్టి, బాడీ నోరు కిందికి ఉంచి మార్చు. ఇంటికి రాగానే మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీ అంతా తుడువు, తర్వాత పొడిగుడ్డతో. ఉప్పు కంటికి కనిపించదు, కానీ స్క్రూల్ని తినేస్తుంది. ట్రైపాడ్ కాళ్లు విప్పి నీళ్లతో కడుగు. సెన్సర్ మీద దుమ్ము పడితే చేతి బ్లోయరే వాడు, నోటితో ఊదకు.

సెకండ్ హ్యాండ్ అయితే నన్ను తీసుకెళ్లు. షటర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందన్న లెక్క) చూస్తాం, లెన్స్‌లోకి టార్చి వేస్తాం, అపెర్చర్ ఎఫ్/16కి మూసి తెల్లగోడ ఫోటో తీసి మచ్చలున్నాయా చూస్తాం. అన్నిటికన్నా ముందు కెమెరా అడుగు స్క్రూలు, పైన ఫ్లాష్ పెట్టే చోటు చూడు. అక్కడ తుప్పుగానీ తెల్లటి పొడిగానీ ఉంటే అది సముద్రపు కెమెరా, ఎంత చవకగా ఇచ్చినా వద్దు. కొత్తదైతే ఇండియా వారంటీ ఉన్న బిల్లు తీసుకో. ఫైళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టు, ఒకటి మా ఇంట్లో ఉంచు.

పెద్ద కెమెరా చేతిలో ఉంటే జనం చూసే చూపు మారుతుంది, అది కూడా తెలుసుకో. హార్బర్‌లో ముందు కెమెరా భుజానికే ఉంచి, నాలుగు మాటలు మాట్లాడి, అప్పుడు అడుగు. వద్దంటే వద్దు. తీసిన ఫోటో ప్రింటు వేయించి తీసుకెళ్లి ఇస్తే, మర్నాడు వాళ్లే పిలుస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. జాలర్లు వలలు అల్లుతూ, బోట్లకి రంగులు వేస్తూ తీరిగ్గా దొరుకుతారు. నాకు ఆ రెండు నెలల ఫోటోలే ఎక్కువ ఇష్టం. నేవీ వాళ్ల స్థలాల వైపు, డాక్‌యార్డు వైపు మాత్రం లెన్స్ ఎత్తకు. ఎర్రమట్టి దిబ్బల్లో ఫోటో బాగుంటుందని గట్లెక్కి తొక్కకు, ఒక్కసారి జారిన ఇసుక మళ్లీ పైకి పోదు.

ఇంకా డబ్బు కట్టలేదన్నావు కదా. ఈ నెల నా డీ750, 50 లెన్స్ నువ్వు ఉంచుకో. ఎన్నిసార్లు బయటికి తీశావో క్యాలెండర్ మీద టిక్కు పెట్టు. నాలుగు ఆదివారాలూ తీస్తే నాకు ఫోన్ చెయ్యి, కొట్టుకి ఇద్దరం కలిసి వెళ్దాం.

శనివారం రాత్రి మా ఇంటికొచ్చి పడుకో. మీ పెద్దమ్మకి చెప్పాను. నాలుగున్నరకి లేపుతాను, అయిదింటికల్లా హార్బర్‌లో ఉండాలి. కెమెరా బ్యాగు రాత్రే హాల్లో పెట్టేస్తాను, నీ గదిలో ఏసీ ఉంటుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న