కొత్త గవర్నర్ మొదట అడగవలసింది ఖాళీ కుర్చీల గురించి

రాష్ట్రానికి కొత్తగా వచ్చే గవర్నర్ నిజాయితీ గల, జవాబుదారీ పాలన కోసం ముందుగా దేనిపై దృష్టి పెట్టాలని మీరు అడిగారు. హనుమకొండలో ఉంటూ, మా ఊరి పనుల లెక్కల కోసం ఏళ్ల తరబడి సమాచార హక్కు దరఖాస్తులు పెడుతున్న మనిషిగా నాకు తోచింది చెబుతాను.

2022లో మా ఊరి గ్రామసభలో 180 మీటర్ల మోరీ కట్టించినట్టు చదివి వినిపించారు. వానలు పడితే నీళ్లు ఎప్పటిలాగే ఇళ్లల్లోకి వస్తున్నాయి కదా అని, మా తమ్ముడి కొడుకు, నేను టేపు పట్టుకొని కొలిస్తే 112 మీటర్లే తేలింది. మండల స్థాయి కార్యాలయంలో ఐదు రూపాయల రుసుము కట్టి ఎం.బి. (పని కొలతలు రాసే పుస్తకం) నకలు ఇవ్వమని దరఖాస్తు పెట్టాను. 30 రోజుల గడువు దాటినా జవాబు రాలేదు. మొదటి అప్పీలుకు మాత్రం 'పరిశీలనలో ఉన్నది' అన్న ఒక్క వాక్యం వచ్చింది. రెండో అప్పీలు వినవలసింది రాష్ట్ర సమాచార కమిషన్. నేను ఆ కాగితాలు సిద్ధం చేసుకునే నాటికి అక్కడ కమిషనర్లు ఒక్కరూ లేరు. 2023 ఫిబ్రవరిలో ఉన్నవారి పదవీకాలం ముగిశాక, కొత్తవారిని నియమించేసరికి 2025 మే వచ్చింది.

అందుకే ఇలాంటి కుర్చీలు ఖాళీగా ఉండకుండా చూడడమే నా దృష్టిలో మొదటి ప్రాధాన్యం. సమాచార కమిషనర్లను నియమించేది గవర్నరే అయినా, పేర్లను సిఫారసు చేసేది ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నేత, ఒక మంత్రి ఉన్న కమిటీ కాబట్టి తనంతట తానుగా ఎవరినీ కూర్చోబెట్టలేరు. రాజ్యాంగంలోని 163వ అధికరణ ప్రకారం గవర్నర్ సాధారణంగా మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. అది అలాగే ఉండాలని, ఎన్నికైన ప్రభుత్వానికి పోటీగా మరో ప్రభుత్వం నడవకూడదని నేనూ గట్టిగా నమ్ముతాను. అయితే పాలనకు సంబంధించిన సమాచారం ఇవ్వమని ముఖ్యమంత్రిని అడిగే అధికారం 167వ అధికరణ గవర్నర్‌కు ఇచ్చింది. ఒక కమిషనర్ పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందే 'కమిటీ ఎప్పుడు సమావేశమవుతుంది?' అని ఒక లేఖ రాయడానికి ఏ చట్టమూ అడ్డురాదు. అవినీతి ఫిర్యాదులు విచారించే లోకాయుక్త విషయంలోనూ అంతే.

ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికల సంగతి మరొకటి. 151వ అధికరణ ప్రకారం అవి గవర్నర్‌కే అందుతాయి, ఆయనే శాసనసభ ముందుంచేలా చూడాలి. ఎన్ని రోజుల్లోపు అన్నది రాజ్యాంగం చెప్పలేదు. సమావేశాల చివరి రోజున బల్ల మీద పెడితే ఎమ్మెల్యేలు చదివేదెప్పుడు, అడిగేదెప్పుడు?

మన ఉత్తర తెలంగాణకు ఇంకా దగ్గరి విషయం ఏటూరునాగారం, ఉట్నూరు వంటి షెడ్యూల్డ్ ప్రాంతాలది. రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కింద ఈ గిరిజన ప్రాంతాల పాలనపై గవర్నర్ ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకూడదనే 'వన్ ఆఫ్ సెవెంటీ' చట్టం ఉండగానే ఎన్ని ఎకరాలు చేతులు మారాయో, ఎన్ని కేసులు ఎన్నేళ్లుగా పెండింగులో ఉన్నాయో ఆ నివేదికలో రావాలి. అది ఏటా తెలుగులో ప్రజల ముందు పెడితే, పట్టా కోసం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) మెట్లెక్కి దిగే గిరిజన రైతు తన కేసు అందులో ఉందో లేదో తానే చూసుకోగలుగుతాడు.