స్పానిష్ వచ్చింది, బెంగాలీ ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: సార్ నమస్తే, మాది అనంతపురం పక్కన పల్లె. ఇక్కడి సేవా సంస్థ ఆర్డీటీకి వచ్చే స్పెయిన్ వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ నాకు కొంచెం స్పానిష్ వచ్చింది, బాగా పలుకుతావు అని వాళ్లే అంటారు. ఇప్పుడు మావాడు బెంగాలీ పిల్లను చేసుకున్నాడు. మన దేశం భాషే కదా తొందరగా వస్తాదనుకుంటే, నేను ఏం పలికినా కోడలు మళ్లా చెప్పమంటాది. యాడ తప్పు పోతాండాది?
– ఒక అత్తమ్మ, అనంతపురం

జవాబు: అమ్మా, మీకు స్పానిష్ రావడం ఆశ్చర్యం కాదు, ఆర్డీటీ పెట్టిన స్పెయిన్ ఆయన ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చినప్పటినుంచి ఆ భాష మన చెవిన పడతానే ఉంది, పైగా దాంట్లో అచ్చులు ఐదే, అ ఎ ఇ ఒ ఉ, అన్నీ మన నోట్లో ఉండేవే. పాసొ అంటే అడుగు, పేసొ అంటే బరువు, పీసొ అంటే అంతస్తు, ఇవి మీకు తేటగా పలుకుతాయి. ఏ అక్షరం మీద నొక్కి పలకాలో చూసుకుంటే చాలు, 'పపా'లో రెండో అక్షరం ఒత్తితే నాన్న, మొదటిది ఒత్తితే పోపు గారు.

బెంగాలీలో అచ్చులు ఏడు. ఎక్కువున్న రెండింటి దగ్గరే మీకు చిక్కు. ఒకటి మీరు రోజూ పలికేదే, మనం మేక అని రాసి మ్యాక అంటాం చూడండి, అదే. వాళ్లు 'కేమన్' అని రాసి 'క్యామొన్' అంటారు, ఎలా అని అర్థం, కాకపోతే మధ్యలో 'య' వినపడకూడదు. రెండోది మనకు లేదు. క్రికెట్ కామెంటరీలో ఇంగ్లీషు వాళ్లు 'నో బాల్' అంటారే, ఆ 'బాల్'లో అచ్చుకు దాదాపు దగ్గర. ఠాగూర్ గారి జనగణమన బెంగాలీ వాళ్లు పాడితే 'జొనొ గొనొ' అన్నట్టు ఉంటుంది, 'జొ' దగ్గర నోరు బాగా తెరుచుకుంటుంది, 'నొ' దగ్గర ముడుచుకుంటుంది, మన చెవికి రెండూ ఒకటే 'ఒ' కాబట్టి మీరు రెండూ ఒకేలా అంటున్నారు, కోడలికి అది వేరే మాటలాగా వినపడుతోంది.

ఇంకో సంగతి, ఈ ఏడూ ముక్కుతోనూ పలుకుతాయి, స్పానిష్‌లో ఈ బాధ లేదు. మన పాత పుస్తకాల్లో అరసున్న ఉండేది కదా, మనం పలకడం మానేశాం, వాళ్లు చంద్రబిందు పెట్టి ఇప్పటికీ పలుకుతారు. 'కాదా' అంటే బురద, 'కాఁదా' అంటే ఏడవడం.

హ్రస్వం దీర్ఘం మాత్రం స్పానిష్, బెంగాలీ రెండింట్లోనూ మాట మార్చవు. మనకు పలు వేరు, పాలు వేరు. వాళ్లు 'దిన్' అంటే రోజు, 'దీన్' అంటే పేద అని వేరువేరుగా రాస్తారు గానీ పలకడం రెండూ ఒకటే. అందుకే రాత చూసి సాగదీయొద్దు. ముందు కాదా, కాఁదా కోడలి చేత మార్చి మార్చి పలికించండి, కళ్లు మూసుకుని ఏది బురదో ఏది ఏడుపో చెప్పగలిగేదాకా వినండి, మీరు పలకడం ఆ తర్వాత మొదలుపెట్టండమ్మా.