స్టీరింగ్ ముందు కునుకు

ప్రశ్న: సంక్రాంతికి ఆఫీసు అవగానే కారులో హైదరాబాద్ నుంచి రాజమండ్రి బయల్దేరదామంటున్నారు మావారు. రాత్రంతా ఆయనే నడుపుతారట. ఫర్వాలేదా?

జవాబు: వద్దమ్మా. ఆర్టీసీలో నైట్ సర్వీసులు నడిపినవాణ్ణి, గట్టిగా చెబుతున్నాను. పగలంతా పనిచేసిన మనిషికి తెల్లవారుజామున కునుకు చెప్పకుండా వస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు రెప్ప వాలితే చాలు, ముందు ఆగివున్న లారీ కిందకే. వాటికి వెనక లైట్లు వెలుగుతాయన్న నమ్మకమూ లేదు. అద్దం దించుకున్నా, పాటలు పెట్టుకున్నా నిద్ర ఆగదు. హాయిగా పడుకుని తెల్లారాక బయల్దేరండి. దారిలో ఆవలింతలు మొదలైతే పెట్రోలు బంకులో ఆపి, టీ తాగి, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోమనండి. వెనక సీట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకూ బెల్టు మీరే పెట్టండి.