మోకాలి లిగమెంట్ తెగిన తర్వాత కూడా స్కీ రేసుల్లో ప్రపంచస్థాయిలో గెలిచినవారు ఉన్నారా?

మోకాలి లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీ) తెగిన తర్వాత ఆల్పైన్ స్కీయింగ్‌లో, అంటే మంచు కొండవాలు మీద వేగంగా కిందికి దిగే పోటీల్లో, తిరిగి శిఖరానికి చేరుకున్నవారు ఎవరైనా ఉన్నారా, ఇటలీ నుంచి ఆల్బెర్టో టోంబా కాకుండా ఇంకెవరి గురించి తెలుసుకోవాలి అని మీరు అడిగారు. ఈ రెండు ప్రశ్నలకూ నేను చెప్పే పేరు ఒక్కటే, ఇటలీ స్కీయర్ దెబోరా కొంపాన్యోని. మిలాన్‌లో చదువుకున్న కాలంలో నేను స్కీయింగ్ ఓనమాలు దిద్దుకున్నది ఆమె పెరిగిన ఊళ్లోనే కావడంతో, ఆ తర్వాత ఆమె రేసుల గురించి దొరికినదల్లా చదివాను, పాత ప్రసారాలు దొరికినన్ని చూశాను.

ఆమె 1970లో బోర్మియోలో పుట్టింది, అక్కడికి దగ్గర్లోనే ఉన్న సాంతా కాటెరీనా వాల్‌ఫూర్వాలో పెరిగింది. మిలాన్ నుంచి తిరానో దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి బోర్మియో మీదుగా బస్సులో కొండలెక్కితే వచ్చే చిన్న ఊరు అది. అక్కడి రేసు వాలుకు ఆమె పేరే పెట్టారు. 2005 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మహిళల వేగపు పోటీలు ఆ వాలు మీదే జరిగాయి. ఒక ఉదయం మా శిక్షకుడు నన్ను ఆ వాలు అంచుకు తీసుకెళ్లి, గ్లవ్ తీసి నేలను తాకి చూడమన్నాడు. వేళ్లకు తగిలింది మెత్తటి మంచు కాదు, గాజులా నునుపుగా గట్టిపడిన గడ్డ. అంతకుముందు ఎవరో మలుపు తిరిగిన చోట స్కీ అంచు దిగిన సన్నటి గాడి ఒక్కటే దాని మీద కనిపించింది. మలుపులో మనిషి బరువు, దానికి తోడు వేగం వల్ల పుట్టే ఒత్తిడి దాదాపు అంతా బయటివైపు కాలి మీదే పడుతుందని, ఆ సన్నటి అంచు పట్టు తప్పినా, అనుకోని చోట పట్టుకున్నా మెలిపడేది మోకాలేనని ఆయన అక్కడే నిలబెట్టి వివరించాడు. కొంపాన్యోని సాధించినదాని బరువు నాకు మొదటిసారి తెలిసివచ్చింది అప్పుడే.

1987లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో జెయింట్ స్లాలోమ్ (గేట్ల మధ్య మలుపులు తిరుగుతూ రెండుసార్లు దిగి, రెండు సమయాలూ కలిపి లెక్కించే పోటీ) గెలిచిన ఆమెకు, సీనియర్ స్థాయిలో పేరు రాకముందే మోకాలికి గాయమై శస్త్రచికిత్స అవసరమైంది. 1990లో పేగులకు కూడా పెద్ద శస్త్రచికిత్స జరిగింది. ఇవన్నీ దాటుకుని 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో, ఫిబ్రవరి 18న మెరిబెల్ వాలు మీద సూపర్ జీలో (గేట్లు మరింత దూరంగా, వేగం మరింత ఎక్కువగా ఉండే పోటీ) స్వర్ణం గెలిచింది. రెండో స్థానంలో నిలిచిన ఫ్రాన్స్ క్రీడాకారిణి కరోల్ మెర్ల్ కంటే ఆమె 1.41 సెకన్లు ముందుంది. సెకనులో వందో వంతుతో పతకాలు చేతులు మారే ఆటలో, అదీ ఒకే రన్‌తో (వాలు మీద ఒక్కసారి దిగడంతో) ముగిసే పోటీలో, ఇది చాలా పెద్ద అంతరం. అయితే మరునాడే జెయింట్ స్లాలోమ్ మొదటి రన్‌లో ఆమె పడిపోయి, ఎడమ మోకాలి లిగమెంట్ తెగింది. అప్పుడు ఆమె పెట్టిన కేక టీవీ ప్రసారంలో అందరికీ వినిపించింది. స్వర్ణానికీ స్ట్రెచర్‌కూ మధ్య ఉన్నది ఒక్క రాత్రి!

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ తర్వాతి ఆరేళ్లలో ఉంది. 1994 లిల్లెహామర్ క్రీడల్లో ఇటలీ జెండా పట్టుకుని నడిచిన ఆమె, ఏ పోటీలో మోకాలు దెబ్బతిన్నదో అదే జెయింట్ స్లాలోమ్‌లో 1.22 సెకన్ల తేడాతో స్వర్ణం గెలిచింది. 1996లో సియెర్రా నెవాడాలో అదే పోటీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. 1997లో సొంత దేశంలోని సెస్ట్రియేరేలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్లాలోమ్ (గేట్లు బాగా దగ్గరగా ఉండే పోటీ), జెయింట్ స్లాలోమ్ రెండూ గెలిచి, ఆ సీజన్ పొడవునా జరిగిన రేసుల పాయింట్లను బట్టి ఇచ్చే జెయింట్ స్లాలోమ్ ప్రపంచ కప్పు కూడా అందుకుంది. 1998 నగానో ఒలింపిక్స్‌లో మొదట స్లాలోమ్ స్వర్ణాన్ని జర్మనీకి చెందిన హిల్డే గెర్గ్‌కు 0.06 సెకన్ల తేడాతో వదులుకుని, మరునాడు జెయింట్ స్లాలోమ్‌లో అందరికంటే 1.80 సెకన్లు ముందు నిలిచింది. దాంతో వరుసగా మూడు ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన తొలి ఆల్పైన్ స్కీయర్‌గా చరిత్రకెక్కింది.

ఆమె ప్రపంచ కప్పు రేసులు మొత్తం 16 గెలిస్తే, వాటిలో 13 జెయింట్ స్లాలోమ్‌లే. సూపర్ జీ ఒక్కటే, అది కూడా 1992 గాయానికి ముందు గెలిచినదే. గాయం తర్వాత ఆమె తన సత్తువనంతా శరీరం సహకరించే పోటీ మీద కేంద్రీకరించిందనీ, తిరిగి రావడమంటే పాత చోటికే రానక్కరలేదనీ ఈ లెక్కను బట్టి నాకు అనిపిస్తుంది.

టోంబా పేరు ఎక్కువగా వినిపించడంలో అన్యాయమేమీ లేదు. 50 ప్రపంచ కప్పు విజయాలు, మూడు ఒలింపిక్ స్వర్ణాలు, దానికి తోడు జనాన్ని ఆకట్టుకునే స్వభావం ఉన్న మనిషి ఆయన. పైగా 1992లో ఆమె సూపర్ జీ గెలిచిన రోజే ఆయన కూడా జెయింట్ స్లాలోమ్ గెలిచాడు. అయినా ఆయన మూడు స్వర్ణాలూ రెండు ఒలింపిక్స్‌లో వచ్చినవి, ఆమెవి మూడింటిలో వచ్చినవి. మధ్యలో తెగిన మోకాలిని కూడా లెక్కలోకి తీసుకుంటే, నా దృష్టిలో ఆమె ప్రయాణమే ఎక్కువ కష్టమైనది.

ఆమె 1999లో విరమించుకుంది. 2006 టొరీనో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో జ్యోతిని మోసినవారిలో ఆమె కూడా ఉంది. మీకు వీలైతే నగానో జెయింట్ స్లాలోమ్ ప్రసారం వెతికి చూడండి. గడియారాన్ని వదిలేసి ఆమె బయటి కాలినే గమనించండి: ఒక మలుపు నుంచి మరో మలుపుకు బరువు మారేటప్పుడు ఎక్కడా కుదుపు ఉండదు, స్కీలు పక్కకు జారడం కూడా చాలా తక్కువ.